సరిపోయిన లెక్క

సీసాలో మాత్రల లెక్క సరిగ్గా సరిపోయింది. అదే కొంప ముంచింది.

కైసా ఇంకా కోటు కూడా విప్పలేదు. వంటింటి బల్ల మీద తండ్రి వారం మాత్రల పెట్టెను బోర్లించింది. గదుల్లో ఇంకా మిగిలున్న మాత్రలన్నిటినీ రంగుల వారీగా విడదీసింది. రక్తపోటువి గులాబీ రంగు. కడుపులో మంటకి వేసుకునేవి పసుపు. మిగిలినవి తెల్లవి, గుండ్రటివి. వాటిలో ఒకదాన్ని వేలితో తన వైపు జరుపుకుని, గోటితో గీకి, నాలుక చివర అద్దుకుంది.

"తియ్యగా ఉంది," అంది. "ఇది డి విటమిన్. ఆసుపత్రివాళ్ళు పరీక్షించడానికి నాన్నకిచ్చిన కొత్త మందు కాదు."

హిల్కా ఆ మాట విననట్టే, కడిగిన కాఫీ పాత్రను మళ్ళీ కడుగుతోంది. గురువారం కూతురికి ఫోను చేసినందుకు తన నోటి మీద తనే కొట్టుకోవాలనిపించింది. ఎవరు చెయ్యమన్నారు? పట్నం ఆసుపత్రిలో ఆ మందు పరీక్ష చూసే పిర్యో అడిగింది తననే కదా. "హిల్కా, మార్చిలో మీ ఆయన తౌనో జ్వరంతో రెండు రోజులు మీ ఊరి ఆరోగ్యకేంద్రంలో ఉన్నాడు. ఆ రెండు రోజులూ మా మాత్ర ఆపేసినట్టు అక్కడి డాక్టరు రాశాడు. మరి సీసాలో నాలుగు మాత్రలు ఎక్కువ మిగలాలిగా, ఏవీ?" అంది. చూసి చెప్తానని పెట్టేసింది హిల్కా. పెట్టేశాక కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ కంగారులో కైసాకే చేసింది.

"సింకులో పడి కొట్టుకుపోయాయని చెప్పనా తల్లీ?" అని కూతుర్నే సలహా అడిగింది.

అవతల కైసా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనమే ఇవాళ, శనివారం పొద్దున్నే, గంటన్నర కారు నడుపుకుని వచ్చి వాకిట్లో దిగింది. దారంతా దుప్పులు అడ్డం పడే కాలం. కారు చప్పుడు వినగానే హిల్కాకి ముందు ఆ భయమే కలిగింది. కూతురు క్షేమంగా దిగాక, అంతకంటే పెద్ద భయం పట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ముందా కోటు విప్పు. ఈ వంటింటి ఉక్కలో..."

"అమ్మా."

"జనవరి నుంచి."

కైసా పెదవులు కదిపి లెక్క వేసుకుంది. "పదకొండు వారాలు."

"అంతే అయ్యుంటుంది."

"అసలు మాత్రలేం చేశావు?"

"ప్రతి శనివారం స్నానాలగది పొయ్యి వెలిగించేటప్పుడు అందులో వేశాను."

"పొయ్యిలోనా!"

"మరెక్కడ వెయ్యను? మందులు కాలవలో పారెయ్యకూడదు, నదిలో చేపలు చస్తాయి అని నర్సు చదువుకెళ్ళిన దగ్గర్నుంచీ నా ప్రాణం తీసింది నువ్వు కాదూ?"

కైసా ముఖంలో నవ్వు లాంటిది ఒకటి పుట్టి, పుట్టిన చోటే చచ్చిపోయింది.

హిల్కా చేసింది పెద్ద తెలివైన పనేం కాదు. ఆదివారం సాయంత్రం భర్త వారం మందులు సర్దడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటు. పరీక్ష మందు సీసాలోంచి పద్నాలుగు లెక్కపెట్టి తీసి, పాత కాఫీ డబ్బాలో వేసేది. వాటి స్థానంలో అదే సైజు విటమిన్ మాత్రలు పద్నాలుగు పెట్టెలో పెట్టేది. ఆరు వారాలకోసారి సీసా తీసుకుని పట్నం వెళ్తే, పిర్యో చేతి తొడుగులేసుకుని మిగిలినవి లెక్కపెట్టేది. ఒక్కటి ఎక్కువుండేది కాదు, ఒక్కటి తక్కువుండేది కాదు. "ఇంత శ్రద్ధగా మందేసుకునే మనిషిని నేను చూడలేదు తౌనో," అని మెచ్చుకునేది. తౌనో ఛాతీ పొంగేది. హిల్కా కళ్ళు నేల చూసేవి.

తౌనో ఆరోగ్యకేంద్రంలో పడుకున్న వారం కూడా ఆమె చెయ్యి అలవాటు తప్పలేదు. పద్నాలుగూ తీసింది. నాలుగు వదిలెయ్యాలని తోచలేదు. నలభై ఏళ్ళు బడి వంటింట్లో మూడు వందల మంది పిల్లలకి కొలత తప్పకుండా వండిన చెయ్యి మరి.

"ఎందుకు చేశావమ్మా?"

ఆ అడగడంలో కోపం లేదు. అందుకే హిల్కాకి కోపమొచ్చింది.

"ఎందుకా? జనవరిలో పదమూడు రోజులు విరేచనాలు మీ నాన్నకి. ఆరు కిలోలు తగ్గాడు. ఆ రోజు బాత్రూములో గోడ పట్టుకుని అలా జారిపోయాడు. నా ఒక్కదాని వల్ల లేవలేదు. నీకే చేశాను ఫోను. ఏమన్నావో గుర్తుందా?"

"ఉంది."

"చెప్పు, నీ నోటితోనే విందాం."

"నాన్న సంగతి నేను చూడకూడదు, సీసా మీదున్న నంబరుకి చెయ్యమన్నాను."

"పన్నెండేళ్ళు ఊళ్ళో వాళ్ళ తండ్రులందర్నీ కడిగావు, తుడిచావు, ఎత్తి పడుకోబెట్టావు. సొంత తండ్రి నేల మీద పడుంటే నంబరిచ్చావు!"

"నేనా మందుల పరీక్షల చోటే పనిచేస్తున్నాను కాబట్టే ముట్టుకోకూడదమ్మా. నేను కూతుర్ని. నా చెయ్యి పడితే ఆ లెక్కలు ఎవరూ నమ్మరు. అందుకే నాన్నని పిర్యోకి అప్పజెప్పారు. మొదటి రోజే చెప్పాను నీకు."

"చెప్పావు. నర్సుగా ఉన్నప్పుడు మనిషి పడిపోతే లేపేదానివి. ఇప్పుడు ఎన్ని గంటలకి పడ్డాడో రాసుకుంటున్నావు. గొప్ప ఎదుగుదలే."

కైసా పళ్ళు బిగించింది. బయట కప్పు మీది మంచు కరిగి చూరులోంచి బొట్టుబొట్టుగా పడుతోంది.

"ఆ నంబరుకి చేశావా?"

హిల్కా కాఫీ పాత్రను మళ్ళీ తోమడం మొదలెట్టింది.

"చేసుంటే మోతాదు సగానికి తగ్గించేవాళ్ళు. విరేచనాలొస్తే ఏం చెయ్యాలో వాళ్ళకి తెలుసు. ఆ నంబరున్నది అందుకే."

హిల్కా పాత్ర కింద పెట్టేసింది. సగం చెయ్యొచ్చా? ఆ ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే!

"ఆ మాట నాకెవరు చెప్పారు?"

"మీరిద్దరూ ఇంటికి తెచ్చుకున్న ఇరవై రెండు పేజీల్లో ఉంది."

"ఇరవై రెండు పేజీలు చదివేపాటి చదువుంటే నేను గరిటె తిప్పేదాన్నా? అయినా అది అసలు మందో ఉత్తుత్తి పిండి మాత్రో నీకే తెలీదంటావు. తొమ్మిది నెలలుగా ఆ గదుల్లోనే తిరుగుతున్నావు, ఒక కాగితం తిరగేసి చూడలేకపోయావా?"

"నాకే కాదు, పిర్యోకీ తెలీదు. డాక్టరుకీ తెలీదు. తెలియకుండా ఉండటమే అక్కడ పద్ధతి."

"మేమూ బతుకంతా ఏమీ తెలియకుండానే పనిచేశాం. మాకెవరూ జీతం పెంచలేదు."

కైసా ఉలిక్కిపడ్డట్టు తలెత్తింది.

"జీతానికెళ్ళానా నేను? పోయినేటి శీతాకాలం మా వార్డులో ఇదే జబ్బుతో ఆరుగురు పోయారు. ఇదే, నాన్నకున్నదే. ఊపిరితిత్తులు చెప్పు తోలులా గట్టిపడిపోయి. నేనేం చేశాను వాళ్ళకి? ఒక దిండు పెట్టాను. చాలకపోతే ఇంకో దిండు. పన్నెండేళ్ళలో నా విద్య అంతవరకే వచ్చిందమ్మా. ఆ ఆరో మనిషి పోయిన వారమే నాన్న రిపోర్టు వచ్చింది. నేను దిండ్లు మోసుకుంటూ కూర్చోనా, మందు కోసం వెతికే వాళ్ళ దగ్గరికి పోనా?"

హిల్కాకి ఆ ఆరుగురి సంగతి తెలియదు. తెలియనిచ్చింది కాదు కైసా. "నడుం నొప్పి, వార్డు పని ఇక నా వల్ల కాదు," అని చెప్పింది అప్పట్లో. హిల్కా ఆ మాట నమ్మి, నడుముకి ఉన్ని పట్టీ అల్లి పంపింది.

"ఇప్పుడేం చేస్తావు?" అంది, గొంతు తగ్గించి.

"ఇంకో పది రోజుల్లో కొత్త ఉద్యోగం. ఉత్తరాన ఉన్న ఆసుపత్రులన్నీ తిరిగి, మందు పరీక్షల కాగితాల్లో జరగనిది జరిగినట్టు ఎవరైనా రాశారా అని పట్టుకోవాలి. బోణీ మనింట్లోనే అయింది."

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ నాలుగు మాత్రలూ పడిపోయాయంటే పోతుంది కదా."

"చెప్పకపోతే నాన్న ఆ మందు రోజూ వేసుకున్నా జబ్బు ముదిరిందని రాస్తారు. అది నిజంగా పనిచేసే మందే అయితే? ఇలాంటి అబద్ధాలు నాలుగు చేరితే చాలు, మందు పనికిరాదని మూలన పడేస్తారు."

"చెప్తే?"

కైసా తెల్ల మాత్రలన్నీ ఒకచోటికి పోగు చేసింది.

"చెప్తే నాన్నని తీసేస్తారు. జూన్ నుంచి ఈ పరీక్షలో ఉన్నవాళ్ళందరికీ అసలు మందే ఇస్తారు. అందులో నాన్న ఉండడు."

హిల్కా కుర్చీ వెన్ను పట్టుకుంది. భర్తకి విషం పెడుతున్నారని భయపడి కాపాడుకున్నాననుకుంది. తన చేత్తోనే కుంపట్లో వేసిందన్నమాట. ఒక్కో శనివారం, పద్నాలుగేసి.

కిటికీలోంచి తౌనో రావడం కనిపించింది. నది మీద మంచు పగిలిందో లేదో చూడటానికి రోజూ ఒడ్డు దాకా వెళ్ళొస్తాడు. ఇక్కడినుంచి మూడు వందల అడుగులుండదు. పోస్టు డబ్బాల దగ్గర ఆగాడు. పక్కింటి కంచె పట్టుకుని ఆగాడు. కైసా కారు దగ్గర, కారును మెచ్చుకుంటున్నట్టు నటిస్తూ, చాలాసేపు ఆగాడు.

"నాన్నకి ఇప్పుడే చెప్పకు," అంది హిల్కా గబగబా. "నీకు పుణ్యముంటుంది. తాగే కాఫీ అయినా తాగనీ."

తౌనో టోపీ తీస్తూ లోపలికొచ్చాడు. గుమ్మం దగ్గర కాస్త నిలబడి, ఊపిరి దొరికాక మొదలెట్టాడు.

"ఇంకా కదల్లేదు నది. నాతో మిల్లులో పనిచేసిన వేయ్కో మంచు ఇరవయ్యారో తారీకు కదులుతుందంటాడు, నేను ఇరవై మూడన్నాను. వాడికి తలకాయ కంటే టోపీ పెద్దది. కైసా! కోటు విప్పలేదేం? ఇల్లు నచ్చలేదా, మేం నచ్చలేదా?"

"చలేసింది నాన్నా."

"ఏప్రిల్లో చలా? పట్నం వెళ్ళి పాడైపోయావు. ఒడ్డు దాకా వెళ్ళొచ్చాను, తెలుసా? దారిలో ఒక్కసారే ఆగాను. పిర్యోకి చెప్పు."

హిల్కా కూతురి వైపు చూడకుండా కప్పులు తీసింది.

తౌనో బల్ల మీద చూశాడు. "ఏమిటిది, పేకాడుతున్నారా?"

"సర్దుతోంది," అంది హిల్కా. కాఫీ పోసింది. ఏలకుల రొట్టె కోసింది. ఎవరి పళ్ళెంలో వేసింది వాళ్ళ పళ్ళెంలోనే ఉండిపోయింది. తౌనో మాత్రం హుషారుగా సొరుగు లాగి, ఆసుపత్రివాళ్ళిచ్చిన నీలం అట్ట పుస్తకం తీశాడు. రోజూ రాత్రి ఆయాసానికి, దగ్గుకి సున్నా నుంచి పదిదాకా మార్కులేసుకునే పుస్తకం అది.

"నాన్నా, అది నాకు చూపించకూడదు."

"నా పుస్తకం, నా బల్ల, నా కూతురు. ఏ చట్టం ఆపుతుంది? విను. నిన్న: దగ్గు సున్నా. ఆయాసం ఒకటి. మొన్న: దగ్గు సున్నా. ఆయాసం..."

అక్కడ దగ్గు అందుకుంది. చిన్నది కాదు. మనిషిని రెండుగా మడిచేసి, కళ్ళలో నీళ్ళు తెప్పించి, బల్ల మీది కప్పుల్ని గలగలలాడించింది. కైసా లేవలేదు. తండ్రి గోళ్ళ కింది నీలాన్ని, మెడలో లాక్కుపోతున్న కండరాల్ని చూస్తూ కూర్చుంది. ఆ చూపు ఆసుపత్రిది. హిల్కా గుర్తుపట్టింది.

"రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుని పడుకున్నావు నాన్నా?"

"మామూలే. ఒకటి."

"నాలుగు," అంది హిల్కా.

"నిన్నెవరడిగారు?"

"నాలుగు వేసుకుని కూర్చునే పడుకున్నాడు. మూడు గంటలకి కిటికీ తెరవమన్నాడు."

కైసా నీలం అట్టని నెమ్మదిగా మూసింది. "సున్నాలు ఎందుకేశావు నాన్నా?"

తౌనో కప్పు పక్కకి జరిపాడు.

"నీ పరీక్ష కదా అది. అంత మంచి ఉద్యోగం మానుకుని అందులోకెళ్ళావు. మొదట్లోనే మందు పనిచెయ్యలేదని వస్తే నీకు మాట రాదూ? నా దగ్గు వల్ల నీ పని చెడాలా?"

"అది నా పరీక్ష కాదు నాన్నా. నాకు దాంతో సంబంధమే లేదు."

"సంబంధం లేకపోవడమేమిటి? నువ్వున్న చోటేగా."

కైసా రెండు చేతులతో మొహం రుద్దుకుంది. చేతులు తీశాక ఆమె వయసు పదేళ్ళు పెరిగినట్టుంది.

"ఒకరు మందు తీసేశారు. ఒకరు జబ్బు తీసేశారు. మిగిలిందల్లా కాగితమే."

"మందు తీసెయ్యడమేమిటి?" అన్నాడు తౌనో.

చూరు నీళ్ళు పడుతూనే ఉన్నాయి. కైసా తల్లిని చూసింది. చెప్పమనీ లేదు, వద్దనీ లేదు ఆ చూపు. ఆ చూపు కింద ఇక నిలబడలేక హిల్కా చెప్పేసింది. విరేచనాలు, కాఫీ డబ్బా, విటమిన్, పొయ్యి, అన్నీ ఒకే ఊపిరిలో, ముందూ వెనకా లేకుండా.

తౌనో ఒక తెల్ల మాత్ర తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాడు. "ఇదా?"

"ఇదే."

"పదకొండు వారాల నుంచీ ఇదే?"

"తౌనో, తిట్టు. నోటికొచ్చినట్టు తిట్టు. అలా ఉండకు."

అతను తిట్టలేదు. "వేయ్కోకి చెప్పాను," అన్నాడు. "మిల్లు స్నేహితులందరికీ చెప్పాను. మా కైసా వాళ్ళ మందు రక్తంలో పారుతుంటే కాళ్ళకి బలం తెలుస్తోందని." మాత్రని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "నిజంగానే తెలిసింది నాకు. అదీ తమాషా."

తర్వాత లేచాడు. అల్మరాలోంచి పరీక్ష మందు సీసా తీసి, దూరంగా పట్టుకుని నంబరు చదివి, ఫోనులో నొక్కాడు. శనివారం కాబట్టి అవతల పిర్యో గదిలో మాటలు పట్టుకునే యంత్రం పలికింది. తౌనో నిటారుగా నిలబడి, సాక్ష్యం చెప్పేవాడిలా మాట్లాడాడు.

"నేను తౌనో హియెతలాని. మాత్రలు మానేసింది నేనే. పదకొండు వారాలైంది. కడుపు చెడిందని మానేసి, మీకు చెప్పలేదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ పరీక్షలోంచి నా పేరు కొట్టెయ్యండి. అంతే."

ఫోను బల్ల మీద పెట్టాడు. "అయిపోయింది. కాఫీ పొయ్యి హిల్కా, చల్లారిపోయింది."

దేవుడిలాంటి మనిషి, అనుకుంది హిల్కా. అంతలోనే కూతురి గొంతు వినిపించింది.

"అది కూడా అబద్ధమే నాన్నా."

"నువ్వు వినలేదు. కారు దగ్గరున్నావు."

"ఇక్కడే ఉన్నాను. విన్నాను."

"కైసా, నీ ఉద్యోగానికి అడ్డం లేకుండా చేశాను. మీ అమ్మ మొహాన మచ్చ పడకుండా చేశాను. ఇంకేం కావాలి నీకు?"

"ఆ మాట మీద కాగితం తయారవుతుంది. ఆ కాగితం ఏదో ఒక రోజు నాలాంటిదాని ముందుకొస్తుంది. అది నమ్ముతుంది." కైసా ఫోను తీసుకుంది. అదే నంబరు మళ్ళీ నొక్కింది. కూతురే చెప్పేస్తుందనుకుంది హిల్కా. కానీ కైసా చెప్పలేదు. చెయ్యి చాచి ఫోను తల్లి ముందు పట్టుకుంది. యంత్రం తన మాటలు తను పలికి, కూత పెట్టి, వినడం మొదలెట్టింది.

హిల్కా చెయ్యి తనకి తెలియకుండానే ముందుకెళ్ళి ఫోను అందుకుంది.

"హిల్కా," అన్నాడు తౌనో. అంత మెల్లగా అతను మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. "నా ఊపిరితిత్తులు. నా సంతకం. నన్నడక్కుండా నా నోట్లోది మార్చావు, ఊరుకున్నాను. ఇప్పుడు నేను నా నోటితో చెప్పింది కూడా మారుస్తావా? ఒక్క మాట మాట్లాడావంటే నేనీ ఇంట్లో ఉండను."

ఫోను తెరిచే ఉంది.

అతను అన్న ప్రతి మాటా అందులోకి వెళ్ళిపోయింది. ముందుగా గ్రహించింది కైసా. ఆమె మొహం చూసి తౌనో గ్రహించాడు. బుగ్గల్లో ఉన్న కాస్త రంగూ దిగిపోయింది. బల్ల అంచు వదిలి, టోపీ అందుకున్నాడు.

హిల్కా మొగుణ్ణి చూసింది. కూతుర్ని చూసింది. ఇద్దర్లో ఏ ఒక్కరు తల అడ్డంగా ఊపినా ఆగిపోయేది. ఎవరూ ఊపలేదు.

"పిర్యో," అంది. "నేను హిల్కాని. ఆ మాత్రలు పొయ్యిలో వేసింది..."

వెనకాల వీధి తలుపు గొళ్ళెం తీసిన చప్పుడైంది.